గ్లాసు మధ్యలో గుంట, అంచుకు మసి: ఖరీదైన సెంటు కొవ్వొత్తి బెజవాడ ఇంట్లో ఎందుకు మొరాయిస్తుంది

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మేము ఉండేది విజయవాడ పటమటలో. పెళ్ళిరోజుకని పాత ఫ్రెంచి కంపెనీ సెంటు కొవ్వొత్తి ఒకటి, 270 గ్రాములది, పదకొండు వేలు పెట్టి తెప్పించుకున్నాం. రోజూ రాత్రి భోజనాల వేళ ఓ అరగంట వెలిగిస్తున్నాం. అయిదు రోజులకే మధ్యలో బావిలా గుంట పడింది, చుట్టూ మైనం అలాగే ఉండిపోయింది. గ్లాసుకు ఒక పక్క మసి. పక్కన కూర్చుంటే తప్ప వాసన తెలియడం లేదు. ఇది డూప్లికేటా? బాగుచేసుకునే దారి ఉందా? ఇంత పోసే బదులు గుంటూరులోనో ఇక్కడో చేయించుకుంటే రాదా?"

మీ కొవ్వొత్తి డూప్లికేటు కాకపోవచ్చండీ. మీరు చెప్పిన గుంట, మసి, అందని వాసన మూడూ మంచి కొవ్వొత్తిలో కూడా వస్తాయి, వెలిగించే తీరు తప్పితే. ఆ సరుకు తయారైనచోట గది చల్లగా ఉంటుంది, నెత్తిన ఫ్యాను ఉండదు, ఒకసారి వెలిగిస్తే రెండు మూడు గంటలు ఆర్పరు. వత్తి లావు, మైనం మెత్తదనం, సెంటు పాళ్ళు అన్నీ ఆ లెక్క మీదే కుదిర్చారు. మన ఇంట్లో ఏడాదిలో పది నెలలు ఫ్యాను తిరుగుతుంది, ఎండాకాలం అలమారలో ఉన్న వస్తువు కూడా గోరువెచ్చగా తగులుతుంది. కాబట్టి వెలిగించిన రెండు మూడు గంటలూ ఆ గది వాతావరణాన్ని మనమే కల్పించాలి. అది చేయగలిగితే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది, చేయలేకపోతే ఏ కంపెనీది కొన్నా ఇదే గతి.

ముందు వాసన ఎక్కణ్ణుంచి వస్తుందో చూడండి, మిగతావన్నీ దాని వెంటే అర్థమవుతాయి. మంట నుంచి వాసన రాదు. మంటలోకి వెళ్ళిన సెంటు మైనంతో పాటే కాలిపోతుంది. వాసన వచ్చేది వత్తి చుట్టూ కరిగి నిలిచిన మైనపు మడుగు నుంచి. వేడెక్కిన ఆ మడుగు పైభాగం నుంచి సెంటు ఆవిరై గదిలోకి లేస్తుంది. మడుగు ఎంత వెడల్పుంటే వాసన అంత. 9 సెంటీమీటర్ల గ్లాసులో మడుగు అంచు నుంచి అంచుకు పరుచుకుంటే వాసన లేచే చోటు సుమారు 63 చదరపు సెంటీమీటర్లు. మీ గుంట మూడు సెంటీమీటర్ల వెడల్పే ఉందనుకోండి, అది 7 చదరపు సెంటీమీటర్లే, తొమ్మిదో వంతు. పైగా గుంట గోడలు ఆ ఆవిరిని పైకి రానివ్వవు. హాల్లోకి వాసన రాకపోవడంలో వింత లేదు.

మడుగు అంచుదాకా రావడానికి అరగంట చాలదు. గ్లాసు వెడల్పు ఎన్ని అంగుళాలో సుమారుగా అన్ని గంటలు పడుతుంది. మీ గ్లాసుకు మూడు, మూడున్నర గంటలు. అన్నిటికంటే ముఖ్యం మొదటిసారి వెలిగించడం. ఆ రోజు మడుగు ఎంతవరకు వచ్చి ఆగిందో అక్కడ గీత గీసినట్టు ఉండిపోతుంది. ఆ గీత లోపలి మైనం ఒకసారి కరిగి గట్టిపడి కిందికి దిగుతుంది, బయటిది ఎత్తుగా నిలుస్తుంది. రెండోరోజు మంట ఆ పల్లంలోంచి మొదలవుతుంది కనుక వేడి అంచుకు చేరడం ఇంకా కష్టమవుతుంది. అయిదు రోజులు అరగంట చొప్పున వెలిగిస్తే బావి తవ్వినట్టే.

దీన్ని సరిచేయవచ్చు. చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ రెండు పొరలుగా తీసుకుని గ్లాసు మూతిమీద గొడుగులా కప్పి, అంచుల్ని బయటికి మడిచి నొక్కండి. నడుమ పది రూపాయల బిళ్ళంత రంధ్రం ఉంచండి, మంటకు గాలి అందాలి. వత్తి వెలిగించాకే ఫాయిల్ కప్పండి. గోడల మైనం మీదికి వేడి తిరిగి కొట్టి గంటన్నర, రెండు గంటల్లో పైభాగం అంతా కరిగి సమంగా వస్తుంది. ఆ రెండు గంటలూ మనిషి అక్కడే ఉండాలి. ఫాయిల్ బాగా కాలుతుంది, వట్టిచేత్తో తీయకండి; మంట ఆర్పి పది నిమిషాలు ఆగి పట్టకారుతో తీయండి.

గుంట రెండు సెంటీమీటర్లు దాటి లోతుంటే మాత్రం ఫాయిల్ ఒక్కటే పెడితే ఇంకో చిక్కు వస్తుంది. గోడలు కరిగి వచ్చే మైనంలో వత్తి మునిగిపోయి మంట చిన్నబోతుంది, ఆరిపోతుంది. అలాంటప్పుడు ముందు హెయిర్ డ్రైయరుతో పక్క మైనాన్ని మెత్తబరిచి, స్టీలు చెంచా వద్దు, ఐస్‌క్రీము పుల్లతోనో ప్లాస్టిక్ చెంచాతోనో సగం ఎత్తు తీసేయండి. గ్లాసుకు లోపల గీత పడితే వేడికి అక్కడే పగులుతుంది, అందుకని లోహం వద్దన్నది. తీసిన మైనం పారేయకండి. కింద చిన్న దీపం పెట్టి పైన నూనె వేసే పింగాణీ బర్నర్లు ఉంటాయి కదా, అందులో ఒక చెంచాడు వేస్తే ఆ సెంటే గదినిండా వస్తుంది. మీరు కొన్నది వాసన కోసమే కాబట్టి గ్రాము కూడా వృథా కాదు.

ఇక మసి. గ్లాసుకు ఒకే పక్కన మసి పట్టిందన్నారు. ఎటువైపో చూడండి, ఫ్యాను గాలి మంటను ఆ వైపుకే నెడుతూ ఉంటుంది. వాలిన మంటకు గాలి సమంగా అందదు, మైనపు ఆవిరి పూర్తిగా కాలకుండానే మసిగా బయటపడుతుంది. అదే గాలి మడుగును ఒక పక్క చల్లబరుస్తుంది, ఇంకోపక్క గ్లాసును కాలుస్తుంది. వాసననేమో పుట్టిన చోటనుంచే చెదరగొట్టి కిటికీలోంచి తోసేస్తుంది. సీలింగ్ ఫ్యాను కింద కొవ్వొత్తి వెలిగించడమంటే పాలు పొంగుతుండగా స్టవ్వు మీద విసనకర్రతో విసరడమే.

మసికి రెండో కారణం పొడుగు వత్తి. ఆర్పాక చల్లబడిన వత్తి కొసన నల్లటి గుండ్రటి బుడిపె కనిపిస్తే అది పేరుకున్న బొగ్గు. ప్రతిసారీ వెలిగించబోయే ముందు వత్తిని 5 మిల్లీమీటర్లకు కత్తిరించాలి. గోళ్ళు కత్తిరించే నెయిల్ కట్టరు చాలు, కాకపోతే గ్లాసు లోతుగా ఉన్నప్పుడు చెయ్యి పట్టదు, అప్పుడు వంపు తిరిగిన వత్తి కత్తెర కావాలి. రాలిన నలుసును మైనంలో ఉండనివ్వకండి, అది రెండో వత్తిలా అంటుకుంటుంది. ఇంకా కురచగా, రెండు మూడు మిల్లీమీటర్లకు కోశారంటే మంట చిన్నదైపోయి మళ్ళీ గుంట పడుతుంది.

మంట సరిగా ఉందో లేదో కంటిచూపుతో తేల్చుకోవడం కష్టం. వంటింటి డిజిటల్ తక్కెడ ఉంటే అనుమానం తీరుతుంది. మీ 270 గ్రాముల కొవ్వొత్తి సుమారు 60 గంటలు వెలగాలి, అంటే గంటకు నాలుగున్నర గ్రాములు. వెలిగించే ముందు గ్లాసుతో సహా తూచి రాసుకోండి. మూడు గంటల తర్వాత ఆర్పి, గట్టిపడ్డాక మళ్ళీ తూచండి. 12 నుంచి 15 గ్రాములు తగ్గితే అంతా సవ్యంగా ఉంది. 18, 20 తగ్గితే గాలి తగులుతోంది, లేదా వత్తి పొడుగ్గా ఉంది. 9కి పడిపోతే వత్తి మునుగుతోంది. మీ పదకొండు వేలు 60 గంటలకు పంచితే గంటకు 183 రూపాయలు పడుతుంది, అరగంట చొప్పున గుంట తవ్వితే అందులో సగం మైనం గోడలకే మిగిలిపోతుంది.

కాబట్టి రోజూ అరగంట మానేయండి. వారానికి ఒకటి రెండుసార్లు, తీరికున్న రోజున వెలిగించండి. ఎవరైనా ఏడున్నరకు వస్తున్నారంటే నాలుగింటికే, హాలు తలుపులు కిటికీలు వేసి, ఫ్యాను ఆపి వెలిగించాలి. వేసవిలో ఫ్యాను లేకుండా కూర్చోలేం కాబట్టి ఏసీ ముందే గంటసేపు నడిపి గది చల్లబడ్డాక బ్లోయరు తక్కువలో, రెక్కలు పైకి తిప్పి ఉంచండి. కొవ్వొత్తి ఏసీకి ఎదురుగా కాకుండా అదే గోడ కింద, నడుము ఎత్తు బల్ల మీద పెట్టండి. 12 అడుగులకు 15 అడుగుల గదికి ఒక వత్తి కొవ్వొత్తి సరిపోతుంది. హాలు, డైనింగు కలిసిన పెద్ద చోటుకు చాలదు; అక్కడ వాసన పల్చబడుతుంది తప్ప కొవ్వొత్తి తప్పు కాదు. అతిథులు వచ్చాక మంట ఆర్పి ఫ్యాను ఒకటిలో పెట్టారంటే అప్పటిదాకా గదిలో నిండిన వాసన మెల్లగా తిరుగుతుంది. ఇంట్లోనే ఉన్నవాళ్ళ ముక్కు ఇరవై నిమిషాల్లో అలవాటుపడిపోతుంది. "వాసన రావట్లేదు" అనుకునే ముందు ఓసారి బయట వరండాలో అయిదు నిమిషాలు నిలబడి లోపలికి రండి.

నాలుగు గంటలకు మించి ఒక్క దఫాలో వెలగనివ్వకండి. మడుగు మరీ లోతై వత్తి అడుగున ఉన్న రేకు పట్టు సడలి వత్తి పక్కకు జరుగుతుంది, అప్పుడు మంట గ్లాసును తాకుతుంది.

ఆర్పడం కూడా ఊది కాదు. ఊదితే నిప్పు నలుసు మైనంలో పడుతుంది, వత్తి కొస అయిదారు సెకన్లు పొగ చిమ్ముతుంది, అప్పటిదాకా నిలిచిన సువాసన మీద ఆ కమురు వాసన పరుచుకుంటుంది. ఒక స్టీలు పుల్ల కొస వంచి, దాంతో వత్తిని కరిగిన మైనంలోకి వంచి ముంచండి, వెంటనే లేపి నిటారుగా నడిమధ్యకు నిలబెట్టండి. పొగ రాదు, వత్తికి మైనం పట్టి మర్నాడు తేలిగ్గా అంటుకుంటుంది. దేవుడి దగ్గర దీపం వత్తి ఎగదోసే పుల్ల మన ఇళ్ళలో ఉండేదే, అది చాలు.

మన ఎండ గురించి విడిగా చెప్పాలి. గ్లాసులో పోసే మైనం మెత్తనిది. గుణదల మాత తిరునాళ్ళకు, ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో, కొండ దగ్గర వెలిగించే తెల్ల కొవ్వొత్తిని తలుచుకోండి. అది తన కాళ్ళమీద తానే నిలబడాలి, కాబట్టి గట్టి పారఫిన్‌తో పోస్తారు, దాని కరిగే వేడి 58, 60 డిగ్రీల దగ్గర ఉంటుంది. గ్లాసు కొవ్వొత్తిని గ్లాసు పట్టుకుంటుంది కనుక మెత్తటి సోయా మైనం వాడతారు, అది 50 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కొబ్బరి మైనం ఎక్కువ కలిపినవైతే 40 చిల్లరకే మెత్తబడతాయి. మే నెలలో బయట 45 డిగ్రీలున్న రోజున కొరియరు వ్యాను లోపల, ఎండలో నిలబెట్టిన కారు డాష్‌బోర్డు మీద ఆ అంకె ఇంకా పెరుగుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఇక మైనం ఎంత! అందుకే ఇలాంటివి నవంబరు, ఫిబ్రవరి మధ్య తెప్పించుకోవాలి.

దారిలో కరిగి మళ్ళీ గట్టిపడిన కొవ్వొత్తి వస్తే భయపడనక్కర్లేదు, వత్తి చూడండి. వత్తి నిటారుగా నడిమధ్యన ఉంటే పైభాగం ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా వెలిగించవచ్చు. వత్తి ఒరిగి గోడ దగ్గరికి చేరితే వెలిగించకుండా వెనక్కి పంపండి. పైన నూనె చెమట పట్టినట్టు బొట్లు కనిపిస్తే అది వేడికి మైనం విడిచిన సెంటు. టిష్యూతో అద్దేసి వెలిగించండి, ఆ బొట్లమీదే అగ్గిపుల్ల పెట్టకండి.

నిలవ పెట్టడానికి పైఅంతస్తు గది అటక పనికిరాదు, శ్లాబు వేడి రాత్రంతా దిగుతూనే ఉంటుంది. బీరువా కింది అర, మూత బిగించి, డబ్బాలోనే ఉంచి. ఫ్రిజ్‌లో పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. మైనం కుంచించుకుని గ్లాసు నుంచి విడిపోతుంది, పగులుతుంది, బయటికి తీయగానే తడి చేరుతుంది.

పాత కంపెనీకి అంత ఖరీదు ఎందుకన్న సంగతికి వస్తాను. మన మాటలోనే దీని చరిత్ర ఉంది. కొవ్వొత్తి అంటే కొవ్వు వత్తి. ఐరోపాలో మామూలు ఇళ్ళలో పశువుల కొవ్వుతో చేసినవే వెలిగేవి. చర్చిల్లో, రాజుల కొలువుల్లో తేనెమైనంతో చేసినవి. ఫ్రాన్సులో ఈ రెండు పనులూ రెండు వేరువేరు వృత్తి సంఘాలవి. పారిస్‌లో 1643లో సెంట్ ఒనొరే వీధిలో దుకాణం పెట్టిన క్లోద్ త్రూదోన్ ఈ రెండో కోవకు చెందిన మైనపు పనివాడు. ఆ వంశం తర్వాత వెర్సాయ్ రాజకొలువుకు కొవ్వొత్తులు అందించింది, ఆ పేరుమీద కంపెనీ నేటికీ నడుస్తోంది. పచ్చటి తేనెమైనాన్ని కరిగించి, పల్చటి పట్టీలుగా తీసి, నీళ్ళు చల్లుతూ ఎండలో ఆరబెట్టి తెల్లబరిచేవారు. అచ్చుల్లో పోస్తే తేనెమైనం అంటుకుపోతుంది కనుక, వేలాడదీసిన వత్తుల మీద గరిటెతో పొరలు పొరలుగా పోసి, తర్వాత బల్లమీద దొర్లించి నున్నన చేసేవారు.

పందొమ్మిదో శతాబ్దంలో రెండు మార్పులు ఈ వృత్తిని తిరగేశాయి. షెవ్రెల్ అనే రసాయనవేత్త కొవ్వు నుంచి గట్టి స్టియరిక్ ఆమ్లాన్ని వేరుచేసి, 1825లో గే-లుసాక్‌తో కలిసి దాంతో కొవ్వొత్తులు చేసే పేటెంటు తీసుకున్నాడు. అదే రోజుల్లో కాంబసెరె అనే ఆయన పేనిన నూలు బదులు జడలా అల్లిన వత్తి తెచ్చాడు. పేనిన వత్తి మంట మధ్యలో నిటారుగా నిలిచి బొగ్గు కడుతుంది, మాటిమాటికీ కత్తిరించాలి. అల్లిన వత్తి కాలే కొద్దీ కొస ఒక పక్కకు వంగి మంట అంచుకు వస్తుంది, అక్కడ గాలి తగిలి బూడిదై పోతుంది. మీ కొవ్వొత్తి వెలుగుతున్నప్పుడు దగ్గరగా చూడండి. వత్తి కొస కొంచెం వంగి, చివర ఎర్రటి నిప్పు చుక్క మెరుస్తుంటే ఆ అల్లిక తన పని చేస్తోందన్నమాట.

నిజానికి ఖరీదులో పేరుకు, గ్లాసుకు, డబ్బాకు పోయే వాటా తక్కువేమీ కాదు. కానీ మిగిలిన దానికి విలువ ఉంది. ఫలానా మైనం, ఫలానా సెంటు, ఫలానా గ్లాసుకు ఏ వత్తి కుదురుతుందో తేల్చడానికి వరసగా వత్తులు మార్చి, ఒక్కొక్కటి అడుగంటా కాల్చి చూడాలి. సెంటు మారితే మళ్ళీ మొదటికి. వెనీలా వాసనలిచ్చే వెనిలిన్ మైనాన్ని పసుపుగా, గోధుమరంగుగా మారుస్తుంది; కొన్ని బరువైన సెంట్లు వత్తిని మూసేస్తాయి. అన్నిటికీ ఒకే వత్తి దూర్చే చౌక సరుకుకూ దీనికీ అసలు తేడా ఇక్కడే.

వాసన ఎంచుకోవడంలో ఒక మాట. మన జిల్లాలవాళ్ళు "జాస్మిన్" అని రాసున్నది కొని నిరాశపడతారు. ఫ్రెంచి సెంట్లలో జాస్మిన్ అంటే ఎక్కువగా మన జాజి జాతి పువ్వు. మన మల్లె వేరే జాతి. ఆ పైన, మల్లెకు రాత్రివేళ ఆ మత్తు తెచ్చే ఇండోల్ పాలు ఎక్కువైతే విదేశీయుల ముక్కుకు ఘాటనిపిస్తుంది, అందుకని తగ్గిస్తారు. జడలో మూర మల్లెలు పెట్టుకున్న ఇంట్లో ఆ కొవ్వొత్తి తేలిపోతుంది. అదే వట్టివేరు, దేవదారు, అంబరు, పొగాకు వాసనలు మన ఇళ్ళలో బాగా నిలుస్తాయి. పొగాకు అంటే చుట్ట కంపు అనుకోవద్దు. వర్జీనియా ఆకును బేరన్‌లో, అంటే వేడిగాలితో ఆకు ఆరబెట్టే కొట్టంలో, పదును చేసి తీసినప్పుడు వచ్చే, తేనె, ఎండుగడ్డి కలిసినట్టుండే తీపి వాసన అది. పొగాకు బోర్డు ముఖ్య కార్యాలయం ఉన్న గుంటూరు వాళ్ళకు అది కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంగువ పోపు, సాంబ్రాణి, అగరుబత్తి మిగిల్చిన వాసనతో పువ్వుల సెంట్లు పోట్లాడతాయి, ఈ చెక్క, ఆకు వాసనలు కలిసిపోతాయి. గంధం రాసుంటే అది చాలావరకు ల్యాబులో చేసిన గంధమే. కొవ్వొత్తిలో అదేమీ మోసం కాదు, వేడికి నిలకడగా ఉంటుంది.

చేయించుకోవచ్చా అన్నారు. చేయించుకోవచ్చు, మన ఎండకు తగ్గట్టు ఇంకా బాగా కుదురుతుంది కూడా. కానీ తెల్ల కొవ్వొత్తులు పోసేవారి దగ్గరికెళ్ళి "ఇందులోనే సెంటు కలపండి" అంటే రాదు. ఆ గట్టి పారఫిన్ ఒక్కటే గ్లాసులో పోస్తే చల్లబడేటప్పుడు బాగా కుంచించుకుని నడుమ లోయ పడుతుంది, గోడల నుంచి విడిపోతుంది. మైనం కలపడం మార్చాలి.

7 సెంటీమీటర్ల వెడల్పున్న మందపు గ్లాసుకు, మొత్తం 200 గ్రాములకు లెక్క చెబుతాను. గ్లాసుకు పోసే రకం సోయా మైనం 130 గ్రాములు, 58-60 డిగ్రీల శుద్ధిచేసిన పారఫిన్ 37, వడకట్టిన తేనెమైనం 18, సెంటు 15. సోయా సెంటును పట్టుకుంటుంది, పారఫిన్ వాసనను బయటికి బాగా వదులుతుంది, తేనెమైనం ఎండకు మెత్తబడకుండా నిలుపుతుంది. తేనెమైనం ఇంతకంటే పెంచితే జిగట పెరిగి వత్తి పైకి లాగలేదు. సెంటు మైనం బరువులో 8 శాతం వచ్చింది. 10 దాటించారంటే వాసన పెరగదు, నూనె బయటికి కారుతుంది.

మైనాన్ని నేరుగా మంటమీద పెట్టకూడదు. పెద్ద గిన్నెలో నీళ్ళు, అందులో చిన్న గిన్నె పెట్టి కరిగించాలి, థర్మామీటరు తప్పనిసరి. తేనెమైనం ముందు వేసి, కరిగాక మిగతావి. 80 డిగ్రీలకు వచ్చాక దించి సెంటు పోసి రెండు నిమిషాలు మెల్లగా, బుడగలు రాకుండా కలపాలి. 60కి దిగాక గ్లాసులో పోయాలి. చలికాలమైతే గ్లాసును ముందు గోరువెచ్చగా చేసుకోవాలి, లేకపోతే గోడల వెంట తడి మరకల్లాంటి మచ్చలు పడతాయి; వేసవిలో ఆ పని ఎండే చేస్తుంది. వత్తి అడుగు రేకును వేడికి తట్టుకునే జిగురుతో అంటించి, పైన రెండు పుల్లల మధ్య బిగించాలి. ఫ్యాను కింద ఆరబెట్టకండి, పైభాగం ముందు గట్టిపడి లోపల గుల్లలు మిగులుతాయి. మూతపెట్టి రెండు వారాలు ఆగితేగాని వాసన మైనంలో సర్దుకోదు. పొరపాటున గిన్నె అంటుకుంటే నీళ్ళు పోయకండి, మంట ఎగజిమ్ముతుంది. మూత మూసి స్టవ్వు ఆపండి.

సెంటు కొనేటప్పుడు కొవ్వొత్తులకు పనికొచ్చేదేనా అని అడిగి, ఇఫ్రా (అంతర్జాతీయ సుగంధ పరిశ్రమ సంఘం) నిబంధనల ప్రకారం అమ్మేవాళ్ళు ఇచ్చే కాగితంలో 12వ కేటగిరీకి ఎంత శాతం అనుమతో చూసుకోండి. కొవ్వొత్తులు ఆ కేటగిరీలోకి వస్తాయి. స్ప్రే సెంట్లలో ఆల్కహాలు ఉంటుంది, వాడకూడదు. డీపీజీ అనే ద్రావకం కలిపిన అత్తర్లు మైనంలో కలవవు, అడుగున చేరతాయి. కర్పూరం మాత్రం ససేమిరా వద్దు, మైనమంతా ఒకేసారి భగ్గుమంటుంది. రంగు కోసం పిల్లల క్రేయాన్లు కరిగించి వేస్తే రంగుపొడి వత్తిని మూసేస్తుంది. వత్తి లోపల లోహపు తీగ కనిపిస్తే తెల్లకాగితం మీద రుద్దండి, పెన్సిలు గీతలా బూడిదరంగు పడితే అది సీసం, పారేయండి. అమెరికాలో సీసం వత్తులను 2003లోనే నిషేధించారు.

వత్తి సైజు ఒక్కసారికి కుదరదు. షాపులో మీ గ్లాసు వెడల్పు చెబితే ఇచ్చే సైజు, దానికంటే ఒకటి చిన్నది, ఒకటి పెద్దది తెచ్చి మూడు గ్లాసులు పోయించండి. మూడింటినీ ఒకే గదిలో, ఫ్యాను లేకుండా, మూడు గంటలు వెలిగించి చూడండి. మడుగు అంచుకు చేరి, లోతు ఒక సెంటీమీటరుకు మించకుండా, వత్తి కొసన బుడిపె లేకుండా, గ్లాసు బయట చేత్తో పట్టుకోగలిగేంత వేడితో ఏది ఉందో అదే మీ వత్తి. అదే పరీక్ష గ్లాసు సగమయ్యాక ఇంకోసారి, అడుగు దగ్గరపడ్డాక ఇంకోసారి చేయాలి. గ్లాసు లోతులో మంటకు వేడి ఎక్కువ నిలుస్తుంది కనుక పైన సరిగ్గా ఉన్న వత్తి కింద అతి కావచ్చు. మొదటి గ్లాసు బాగా వెలిగిందని ఇరవై పోయించేసుకుని తర్వాత బాధపడేవాళ్ళు ఈ మూడో పరీక్ష చేయనివాళ్ళే.

కొన్నదైనా చేయించినదైనా అడుగున ఒక సెంటీమీటరు మైనం మిగలగానే ఇక వెలిగించకండి. మంట వేడి నేరుగా గ్లాసు అడుగుకు తగిలి పగులుతుంది, కింద బల్ల గాజుదైతే అదీ పోతుంది. ఆ గ్లాసును రెండు గంటలు ఫ్రీజరులో పెట్టి తీస్తే మైనం బిళ్ళలా ఊడివస్తుంది. దాన్ని బట్టల బీరువాలో పల్చటి గుడ్డలో చుట్టి పెట్టుకోవచ్చు, వాసన ఇంకొన్ని వారాలు ఉంటుంది. గ్లాసులో మిగిలిన జిడ్డును ముందు పొడి టిష్యూతో తుడిచి తర్వాతే కడగండి, వేడినీళ్ళతో కరిగించి సింకులో పోస్తే పైపులో గట్టిపడి ప్లంబరును పిలవాల్సి వస్తుంది. మీకు ప్రస్తుతం ఫాయిల్ పని మొదటిది. అది చేశాక మడుగు వెడల్పు ఎంత వచ్చిందో, తక్కెడలో ఎన్ని గ్రాములు తగ్గిందో రాయండి, వత్తి సంగతి అప్పుడు ఖాయంగా చెప్పవచ్చు.